డోయల్ బరువు

ఫిబ్రవరి 18, శనివారం

చలి. ఉత్తరపు గాలి. పొద్దున ఒక రంపం, గడ్డి కోసే యంత్రం ఒకటి బాగుకి వచ్చాయి. రంపం అయిపోయింది.

చీకటి పడే ముందు డోయల్ వచ్చాడు. షెడ్డు లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. ఈ ఏడు చేపల పోటీలకి రాయిస్ హెంబ్రీతో జోడీ కడుతున్నానన్నాడు. రాయిస్ అంటే వంతెన దగ్గర ఎరల దుకాణం కొన్నవాడు. ఈ సరస్సు మొహం చూసి రెండేళ్ళు కాలేదు.

"మోకాళ్ళురా వెర్లన్," అన్నాడు డోయల్. "నీ పడవ లేవాలంటే ప్రతిసారీ నేను ముందుకి పాకి ముక్కు మీద వాలాలి. ఇంక నావల్ల కాదు. రాయిస్‌ది కొత్త పడవ. మోటారు రెండొందల యాభై గుర్రాల బలమున్నది. ఊరికే కూర్చుంటే చాలు."

"సరే," అన్నాను.

"కోపమొచ్చిందా?"

"మోకాళ్ళు కదా," అన్నాను.

ఇంకాసేపు నిలబడి, గుమ్మం చెక్కని బూటుతో రెండుసార్లు తన్ని, వెళ్ళిపోయాడు. ఇద్దరం పందొమ్మిదేళ్ళు ఒకే పడవలో తిరిగాం.

ఫిబ్రవరి 19, ఆదివారం

చర్చి. వాన.

ఫిబ్రవరి 20, సోమవారం

డోయల్ అన్నదాంట్లో అబద్ధం లేదు. నా పడవ పాతది, మోటారు నూటయాభై గుర్రాలది. ఇద్దరు మనుషులు, సామాను, నిండా పెట్రోలు ఉంటే తోక నీళ్ళలో కూరుకుపోయి ముక్కు ఆకాశానికి లేస్తుంది. ఒకరు ముందుకి వెళ్ళి ముక్కు మీద బరువు పెడితేనే పడవ సాపుగా నీళ్ళ మీదికి లేచి పరుగందుకుంటుంది. ఆ పని మొదటినుంచీ డోయల్‌ది. నడపడం నాది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అలా కుదిరింది.

మోటారు సరిగ్గా అమరిస్తే ఎవరూ పాకనక్కర్లేదు. ఎప్పటినుంచో చేద్దామనుకుంటున్న పనే. ఇప్పుడు తీరిక దొరికింది. డోయల్ కోసమని కాదు.

ఫిబ్రవరి 25, శనివారం

దారం అయిపోయి ఎరల దుకాణానికి వెళ్ళాను. దారం పట్నంలో కూడా దొరుకుతుంది. దగ్గర కదా అని వెళ్ళాను.

రాయిస్ బల్ల వెనక నుంచి లేచి వచ్చాడు. "రండి వెర్లన్ గారూ. డోయల్ ఎప్పుడూ మీ గురించే చెప్తుంటాడు."

"ఏం చెప్తాడు?"

"మీరు ఏమీ చెప్పరని." పెద్దగా నవ్వాడు. అతని పళ్ళు మరీ తెల్లగా ఉంటాయి.

గోడ మీద ఫోటో ఉంది. చెరొక చేపా పట్టుకుని డోయల్, రాయిస్. డోయల్ చెయ్యి రాయిస్ భుజం మీద. మా ఇద్దరి ఫోటో ఒక్కటీ లేదు. ఎవరు తీస్తారు, ఇద్దరం పడవలోనే ఉండేవాళ్ళం.

మార్చి 4, శనివారం

మొదటి పోటీ. జోడీ లేనివాళ్ళు ఒంటరిగా వెళ్ళొచ్చు. ఒంటరిగా వెళ్ళాను.

తెల్లవారుతుండగా అందరం నీళ్ళ మీద తేలే హద్దు గుర్తుల లోపల మెల్లగా తిరుగుతూ ఉన్నాం. నెంబర్లు పిలుస్తున్నారు. గుర్తులు దాటాకే ఎవరైనా మోటారు పూర్తిగా తెరవాలి. రాయిస్ పడవ నాకంటే రెండు పడవల ముందు ఉంది. ఇద్దరూ ఒకే రంగు చొక్కాలు వేసుకున్నారు, వీపు మీద పేర్లు కుట్టించుకుని. డోయల్ పేరు నారింజ రంగు దారంతో. ఇన్నేళ్ళూ కాలరు ఉన్న చొక్కా వేసుకోమంటే మెడ గీసుకుంటుందనేవాడు.

వాళ్ళు గుర్తులు దాటి మోటారు తెరిచారు. వాళ్ళ పడవ ముక్కు కూడా పైకి లేచింది. ఎవరో సీట్లోంచి లేచి ముందుకి వెళ్ళినట్టు అనిపించింది. ఎండ కళ్ళలో పడింది, సరిగ్గా కనబడలేదు. అంత పెద్ద మోటారు ఉన్నవాళ్ళకి ఆ అవసరమేమిటి?

నాకు ముక్కు దించడానికి ఎవరూ లేరు. నా పడవ నీళ్ళని దున్నుకుంటూ దున్నుకుంటూ లేచేసరికి వాళ్ళు వంపు తిరిగిపోయారు. నీటిగడ్డి మధ్య చీలిక దగ్గర రోజంతా ఉన్నాను. రెండు చేపలు. వాళ్ళు పోటీ లెక్కకి పట్టే అయిదూ నింపుకొచ్చారు. మధ్యాహ్నం డోయల్ నవ్వు నీళ్ళ మీదుగా వినిపించింది. ఎక్కడున్నారో కనబడలేదు. నవ్వు మాత్రం వచ్చింది.

మా పడవలో అంత నవ్వులు ఉండేవి కావు. అవసరం పడలేదు.

మార్చి 5, ఆదివారం

డోయల్ ఫోన్ చేశాడట. నేను పడవ కింద ఉన్నానని చెప్పమన్నాను. నా భార్య ఓలేటా అలాగే చెప్పి ఫోన్ పెట్టేసి నా ఎదురుగా వచ్చి నిలబడింది. నేను వంటింట్లో కుర్చీలో ఉన్నాను.

"పడవ కిందే కదూ," అంది.

మార్చి 7, మంగళవారం

మోటారు బిగించే పలకకి వరసగా రంధ్రాలుంటాయి. ఒక రంధ్రం కిందికి దించాను. వేగం కోసం ఎప్పుడో పైకెత్తింది నేనే. పైన ఉంటే పరుగులో తేలిక, లేచేటప్పుడు మాత్రం నీళ్ళని తోసే పంకాకి నీళ్ళు సరిగ్గా చిక్కవు, గాలి తాగుతుంది. దించాక కాస్త నయం.

కానీ ఒక్కడినే కూర్చుని చూస్తే లెక్క తేలదు. పక్క సీట్లో మనిషి బరువు ఉండాలి.

మార్చి 10, శుక్రవారం

జింకల మేతకి వేసే మొక్కజొన్న బస్తాలు అయిదు తెచ్చాను. బస్తాకి యాభై పౌన్లు. ఎడమ సీట్లో నిలబెట్టి తాడుతో కట్టాను. ఓలేటా బట్టలు ఆరేస్తూ చూసింది.

"ఇదేంటి?"

"పక్కన ఎవరో ఒక మనిషి ఉంటే పడవ ఎలా లేస్తుందో చూడాలి."

"ఎవరో ఒక మనిషి రెండొందల యాభై పౌన్లు ఎందుకుంటాడు?"

"ఉండొచ్చు," అన్నాను.

"టోపీ కూడా పెట్టు, చలి వేస్తుంది," అని లోపలికి వెళ్ళింది.

మార్చి 14, మంగళవారం

గాలి తక్కువ. బస్తాలతో నీళ్ళలోకి వెళ్ళాను. పడవ లేవడానికి ఎనిమిది లెక్కపెట్టాల్సి వచ్చింది. అప్పటికి ఎవరైనా లేచి ముందుకి పాకేస్తారు. డోయల్ ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు పాకి ఉంటాడో. నేను అడిగిందీ లేదు, అతను చెప్పిందీ లేదు. చెప్పి ఉండొచ్చు. చెప్పకుండా పోయి రాయిస్‌కి చెప్పాడు.

మార్చి 16, గురువారం

పంకా మార్చాను. మూడు రెక్కలది తీసి నాలుగు రెక్కలది, వాలు తక్కువది పెట్టాను. ఒక చుట్టుకి తక్కువ దూరం తోస్తుంది కానీ గట్టిగా పట్టి తోస్తుంది. పరుగులో నాలుగైదు మైళ్ళ వేగం పోతుంది. పోనీ. రాయిస్‌కి వేగం కావాలి, వాడి నల్ల కళ్ళద్దాలు చూస్తేనే తెలుస్తుంది.

ఆరు లెక్కపెట్టేసరికి లేచింది.

మార్చి 18, శనివారం

పట్నం వెళ్ళే దారిలో రోడ్డు పక్క హోటల్ ముందు రాయిస్ బండి. లోపల కిటికీ పక్కన రాయిస్, అతని భార్య లోర్నా, డోయల్. డోయల్ ముందు పళ్ళెం. లోర్నా దాంట్లో ఇంకేదో వడ్డిస్తోంది. నేను బండి ఆపలేదు. కాస్త మెల్లగా నడిపాను, రోడ్డు మీద కుక్క ఉంది.

మార్చి 21, మంగళవారం

ఇవాళ నా తప్పు. పంకా గొట్టానికి చిన్న రంధ్రాలుంటాయి, వాటికి బిరడాలు. బిరడాలు తీస్తే పొగ రెక్కల మీదికి వచ్చి, మొదట్లో పంకా తేలిగ్గా తిరిగి, మోటారు గబుక్కున అందుకుంటుంది. అన్నీ తీసేశాను. మోటారు ఊళ పెట్టింది, పడవ కదల్లేదు. రేవులో ఇద్దరు మనుషులు లేచి చూశారు. మితంగా చేయాల్సింది తొందరపడి చేశాను. ఎందుకు తొందర? మళ్ళీ పోటీ ఏప్రిల్ ఒకటికి కదా.

చిన్న కంత ఉన్న బిరడాలు తెచ్చి పెట్టాను. అయిదు లెక్కపెట్టేసరికి లేచింది.

మార్చి 22, బుధవారం

ఇంకా ఒకటే మిగిలింది. బ్యాటరీలు మూడూ తోకలో ఉన్నాయి. ముందుకి జరిపితే ముక్కు దానంతటదే దిగుతుంది. ముందు ఎడమ వైపు పెట్టెలో సరిగ్గా చోటుంది. అది డోయల్ సామాను పెట్టె.

వాన వస్తుందేమోనని రేపటికి వాయిదా వేశాను. వాన రాలేదు.

మార్చి 26, ఆదివారం

పెట్టె ఖాళీ చేశాను. వేరుశనగ తొక్కలు. ఒక చేతి తొడుగు. సార్డీన్ డబ్బాలు రెండు, తెరవనివి. వానకోటు. పాత టోపీ. కళ్ళజోడు ఒకటి, ఒక కాలుకి దారం చుట్టింది. జానెట్ చుట్టింది అది. డోయల్‌కి అంత సన్నంగా చుట్టడం రాదు. జానెట్ అతని భార్య. అక్టోబర్‌లో పోయింది. అంత్యక్రియలప్పుడు శవపేటిక మోసినవాళ్ళలో నేనొకణ్ణి. ఆ తర్వాతి శనివారమే ఇద్దరం చేపలకి వెళ్ళాం. ఎప్పటిలాగే గడ్డి చీలిక దగ్గర ఆగి, ఎప్పటిలాగే సాయంత్రానికి వచ్చేశాం. నేను అతన్ని ఇబ్బంది పెట్టలేదు.

సామాను సంచిలో వేసి షెడ్డులో మేకుకి తగిలించాను. ఎవరైనా అటు వెళ్తే పంపించాలి.

బ్యాటరీలు ముందుకి. బస్తాలతో పడవ నాలుగు లెక్కపెట్టేలోపు లేచింది. లేచి అద్దం మీద జారినట్టు సాపుగా వెళ్ళింది, ఏ వైపూ ఒరగలేదు.

ఏప్రిల్ 1, శనివారం

రెండో పోటీ. బస్తాలు తీసేస్తే పడవ నా వైపుకి ఒరుగుతోంది. అందుకని వాటితోనే వెళ్ళాను. నెంబర్లు పిలిచే ముసలి క్లైబర్న్ వంగి చూశాడు.

"నీ జోడీ పేరేం రాసుకోను?"

"ఒంటరి," అన్నాను.

"ఆయన లైఫ్ జాకెట్ వేసుకోలేదు," అన్నాడు బస్తాలు చూపించి. చుట్టూ పడవల్లో నవ్వారు. రాయిస్ అందరికంటే గట్టిగా.

ఈసారి రాయిస్ నా పక్క పడవే. గుర్తులు దాటగానే ఇద్దరం ఒకేసారి తెరిచాం. నా పడవ లేచింది. అతని పడవ ముక్కు ఇంకా ఆకాశం చూస్తుండగానే నేను వాళ్ళని దాటిపోయాను. పక్కనుంచి వెళ్ళేటప్పుడు డోయల్ చెయ్యి ఎత్తాడు. నేను ముందుకి చూస్తున్నాను. అంత వేగంలో ముందుకే చూడాలి.

నాలుగు చేపలు. వాళ్ళకి మూడు.

తూకం దగ్గర డోయల్ నా పక్కనే నిలబడ్డాడు. పడవ గురించి ఏదో అంటాడనుకున్నాను. "చలిగా ఉంది," అన్నాడు. "అవును," అన్నాను. రాయిస్ పిలిచాడు, వెళ్ళిపోయాడు.

నా పడవ లేవడం అందరూ చూశారు. డోయల్ కూడా చూశాడు.

ఏప్రిల్ 2, ఆదివారం

చర్చి. చూశాడు. చూడకుండా ఎలా ఉంటాడు?

ఏప్రిల్ 6, గురువారం

కార్బ్యురేటర్ రెండు. ఫోన్ రాలేదు.

ఏప్రిల్ 11, మంగళవారం

పొగమంచు. పడవ షెడ్డు బయటే ఉంది, బస్తాలతో సహా. ఓలేటా ఎప్పుడో పై బస్తాకి డోయల్ పాత టోపీ పెట్టింది. సంచిలోది. నేను తీయలేదు.

డోయల్ బండి వచ్చి ఆగింది. వానకోటు కోసమట. దిగి పడవ చుట్టూ తిరిగి, సీటు ముందు ఆగాడు.

"ఎవరీయన?"

"నీకంటే తక్కువ మాట్లాడతాడు," అన్నాను.

"తిండి?"

"ఇంకా అడగలేదు."

డోయల్ నవ్వాడు. ఆ నవ్వు చాలా రోజుల తర్వాత నా ఇంటి ముందు వినబడింది. "పోటీ రోజు చూసి ఏవో సామాను బస్తాలనుకున్నాన్రా. నా సీట్లో మొక్కజొన్న పెట్టుకుని తిరుగుతున్నావా?"

"బరువు చూసుకోవాలి కదా."

"మరి ఇప్పుడు మోకాళ్ళతో పనుండదా?"

"నువ్వే చూడు," అన్నాను. అడగడం అంతవరకే నాకు వచ్చు.

బస్తాలు దించాం. డోయల్ ఒకటి ఎత్తబోయి కింద పెట్టేశాడు. మిగతావి నేనే దించాను. రేవులో పడవ దింపాం. డోయల్ ఒంటి మీది మందపాటి కోటుతోనే సీట్లో కూర్చుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు రెండు వైపులా చూశాడు. గుర్తులు దాటాక మోటారు తెరిచాను. అలవాటు కొద్దీ డోయల్ సగం లేచాడు. లేచేలోపే పడవ నీళ్ళ మీద ఉంది. వెనక్కి కూలబడ్డాడు.

"ఓరి నీ," అన్నాడు. అంతే అన్నాడు. ఆ మాట కోసం నేను ఫిబ్రవరి నుంచి ఎదురుచూస్తున్నాను. రాసుకుంటే తప్పేముంది.

కానీ పడవ ఒరిగింది. నా వైపుకి, కుడికి. బస్తాలతో ఎప్పుడూ ఒరగలేదు. కుడి పెట్టెలో నీళ్ళు చేరాయేమోనని పంపు వేశాను. చుక్క రాలేదు. మోటారు తగ్గించి మళ్ళీ తెరిచాను. మళ్ళీ లేచింది, మళ్ళీ నా వైపుకే ఒరిగింది. బ్యాటరీల పట్టీ చూశాను, గట్టిగానే ఉంది. బ్యాటరీలు ఉన్నచోటే ఉన్నాయి. పెట్రోలు అంతే ఉంది. నేను అంతే ఉన్నాను. మారింది ఒక్కటే, ఎడమ సీటు.

ఈ పడవని నేను రెండొందల యాభై పౌన్ల డోయల్ కోసం అమర్చాను. ఆ సీట్లో అంత బరువు లేదు. దగ్గర్లో కూడా లేదు.

అప్పుడు అతన్ని చూశాను. కోటు కాలరులో మెడ, పెద్ద కుండీలో సన్నటి మొక్కలా. బెల్టుకి మేకుతో పొడిచిన కొత్త కంతలు, ఒకటి కాదు. ఫిబ్రవరిలో గుమ్మంలో నిలబడ్డప్పుడూ ఇదే కోటు. తూకం దగ్గర నా పక్కన నిలబడ్డప్పుడూ ఇదే. మార్చిలో, ఏప్రిల్‌లో, కోటు తీసినప్పుడు కూడా నేను చూసింది అతని చొక్కా మీది పేరే.

మోటారు తగ్గించాను.

"డోయల్, నీ బరువెంత ఇప్పుడు?"

"ఎందుకు?"

"పడవ నా వైపు ఒరుగుతోంది."

కోటు ముందుకి లాక్కున్నాడు. "నూటతొంభై ఉండొచ్చు. కింద కూడా ఉండొచ్చు. తక్కెడ ఎక్కడం మానేశా."

మోటారు పూర్తిగా ఆపేశాను. ఆపి ఏం చేయాలో తెలియలేదు. ఊరికే ఆపాను. పడవ గాలికి మెల్లగా తిరుగుతోంది.

"నవంబర్ దాకా ఊళ్ళో అందరూ వండి తెచ్చార్రా," అన్నాడు. "మీ ఓలేటా కోడికూర, నూడిల్స్, అన్నీ. తర్వాత గిన్నెలన్నీ కడిగి ఎవరివి వాళ్ళకిచ్చేశా. అంతే, అక్కడితో అయిపోయింది. ఒక్కడికి పొయ్యి వెలిగించడం... ఆ మూత తీసి, ఆ ఉప్పు వెతికి... సింకు దగ్గర నిలబడి ఏదో గతికేస్తా. ఒక్కోసారి అదీ లేదు."

పంపు ఇంకా తిరుగుతోంది. కట్టేశాను.

"ఒకరోజు ఎరలకి వెళ్తే, లోర్నా నా మొహం చూసి ఏమీ అడక్కుండా పళ్ళెం పెట్టింది. మెత్తటి బిస్కెట్ రొట్టెలు, గ్రేవీ. కూర్చుని తిన్నా. శనివారాలు పోటీకి ముందు కూడా పెడుతుంది. రాయిస్ ఒకటే వాగుతుంటాడు, నేను తింటుంటా. వాడు అలా వాగుతుంటే నాకు జవాబు చెప్పే పనుండదు."

"మోకాళ్ళన్నావు," అన్నాను.

"మోకాళ్ళు కూడా. నీకేం చెప్పమంటావు? బిస్కెట్ల కోసం వెళ్తున్నానని చెప్పనా?"

చెప్పి ఉంటే నేను ఏమనేవాణ్ణి? సరే అనేవాణ్ణి. అదే అనేవాణ్ణి.

"మంగళవారం ఓలేటా చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె చేస్తుంది," అన్నాను.

"ప్రతి మంగళవారమా?"

"అవును." వచ్చే వారం నుంచి. ఓలేటాకి ఇంటికి వెళ్ళాక చెప్పాలి.

రేవు దగ్గర పడవ బండికి ఎక్కించాక అడిగాను. "శనివారాలు?"

"ఈ ఏడంతా రాయిస్‌కి మాటిచ్చానురా."

"సరే," అన్నాను.

వానకోటు తీసుకోవడం మర్చిపోయాడు. నేను గుర్తు చేయలేదు.

ఏప్రిల్ 12, బుధవారం

ఓలేటా నిన్న రాత్రి నుంచి నాతో ఎక్కువ మాట్లాడలేదు. పొద్దున కాఫీ పోస్తూ, "నాకు తెలుసు అతను చిక్కిపోతున్నాడని. నీకు తెలుసనుకున్నాను. పక్కనే కూర్చునేవాడివి కదా," అంది.

పక్కనే కాదు. గాలం వేసేటప్పుడు అతను ముందు, నేను వెనక.

ఏప్రిల్ 15, శనివారం

పోటీకి వెళ్ళలేదు. షెడ్డు ఊడ్చాను.

ఏప్రిల్ 18, మంగళవారం

డోయల్ ఆరింటికి వచ్చాడు. తల దువ్వుకున్నాడు. చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె, వేయించిన బెండకాయ, పచ్చి ఉల్లిపాయ. ఓలేటా రెండోసారి అడక్కుండానే వడ్డించింది. అది లోర్నా నుంచి నేర్చుకున్నట్టు కనబడకూడదని కాబోలు, "వద్దంటే పారేయాలి, తినేయ్," అంది.

తిన్నంతసేపూ డోయల్ రాయిస్ గురించే చెప్పాడు. రాయిస్ తెడ్డు నీళ్ళలో పడేసుకున్నాడట. రాయిస్ పాము అనుకుని బెల్టుని కొట్టాడట. రాయిస్ తన కొడుకుకి ఫోన్ చేసి పెద్ద చేప పట్టానని చెప్తుంటే ఆ చేప తొట్టిలోంచి ఎగిరి నీళ్ళలో పడిపోయిందట. ఓలేటా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నా బల్ల దగ్గర, నా కుర్చీల్లో, ఆ మనిషి లేకుండానే ఉన్నాడు. రొట్టె తుంచి వెన్న రాస్తూ కూర్చున్నాను. రాసిందే రాశాను.

అప్పుడు డోయల్ చెంచా పెట్టేసి, "నీ దగ్గర ఒక మాటరా," అన్నాడు.

"చెప్పు."

"రాయిస్ పడవ లేవడం లేదు. నీ పడవ కంటే అధ్వాన్నం. ముక్కు పైకెళ్ళి అక్కడే ఉంటుంది. అంత మోటారు పెట్టుకుని ఏం లాభం? నేనే పాకాలి."

ఎండ కళ్ళలో పడిన ఆ రోజు నేను చూసింది నిజమే. డోయల్ పళ్ళెం వైపు చూస్తున్నాడు. నేను కూడా అదే పళ్ళెం వైపు చూశాను.

"వాడికి నిన్ను అడగాలంటే మొహమాటం," అన్నాడు. "నువ్వంటే భయం కూడా."

"నేనేం చేశాను?"

"ఏమీ అనవు కదా. అదే భయం. ఒకసారి చూడరాదూ?"

వద్దని చెప్పడానికి చాలా మార్గాలున్నాయి. షెడ్డులో పనుందనొచ్చు. కొత్త మోటార్లు నాకు తెలియవనొచ్చు. పట్నంలో దుకాణానికి తీసుకెళ్ళమనొచ్చు. వాళ్ళు వారం ఉంచుకుని, పంకా అలాగే ఉంచి, ఇంకేదో అమ్ముతారు. రాయిస్ పడవ అలాగే ముక్కెత్తుకుని ఉంటుంది. ఒకరోజు కాకపోతే ఒకరోజు డోయల్ పాకడం విసిగి దిగిపోతాడు. ఇవన్నీ ఒక్కసారిగా, వరసగా తోచాయి. ఓలేటా నా వైపు చూస్తోంది.

నూటతొంభై పౌన్ల మనిషి ఆ ముక్కు మీద. చలికి. మోకాళ్ళు నిజమే.

"గురువారం తెమ్మను," అన్నాను. "నువ్వూ రావాలి. నువ్వు సీట్లో కూర్చోకపోతే దాన్ని అమర్చడం కుదరదు."

"బస్తాలున్నాయిగా?"

"జింకలకి పోసేశాను," అన్నాను. బస్తాలు షెడ్డులోనే ఉన్నాయి.

ఏప్రిల్ 20, గురువారం

ఎండ. గాలి లేదు. రాయిస్ పడవ. మోటారు మరీ పైన బిగించి ఉంది, రెండు రంధ్రాలు దించాను. పంకా వేగం కోసం కొన్నది, ఇద్దరు మనుషుల్ని లేపలేదు. నా దగ్గరున్న ఇంకోటి పెట్టి చూశాను, తర్వాత కొనుక్కోమన్నాను. బ్యాటరీ ఒకటి ముందుకి.

రాయిస్ నడిపాడు. డోయల్ ఎడమ సీట్లో. నేను వాళ్ళిద్దరి వెనక మోటారు దగ్గర వంగి నీళ్ళు చూస్తూ కూర్చున్నాను. ఒకసారి, రెండోసారి, మూడోసారి. మధ్యలో ఆగి డోయల్‌ని అటూ ఇటూ జరగమని చెప్పాను. మూడోసారికి లేచింది. డోయల్ లేవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, కోటు విప్పేశాడు.

రాయిస్ నన్ను వాటేసుకున్నాడు. వద్దన్నా వినలేదు. రేవు దాకా ఒకటే మాటలు. ఎక్కువ మాట్లాడతాడు మనిషి.

మంగళవారం అతన్నీ లోర్నానీ కూడా రమ్మంది ఓలేటా. నన్ను అడగలేదు.